మళ్ళీ రమ్మనని మందుచీటీ

దుఃఖానికి మందు ఇవ్వవచ్చా? ప్రశ్నను ఇలా అడిగితే మనుషులు వెంటనే రెండు వైపులవుతారు. దుఃఖం జబ్బు కాదు కాబట్టి ఇవ్వకూడదనేవాళ్ళు ఒకవైపు. బాధ తగ్గించడమే కదా వైద్యం, ఎందుకివ్వకూడదనేవాళ్ళు ఇంకోవైపు. స్త్రీవాదులుగా మనం ఎక్కువగా మొదటి వైపే నిలబడుతూ వచ్చాం. దానికి కారణాలు లేకపోలేదు. ఆడవాళ్ళ కోపానికి హిస్టీరియా అని పేరుపెట్టింది వైద్యమే. ఇంటిచాకిరీ తెచ్చిపెట్టిన అలసటను "నరాల బలహీనత" అని చెప్పి మాత్రలు రాసిందీ వైద్యమే. అయితే కొన్నేళ్ళుగా మా జిల్లాలో, మా బంధువుల ఇళ్ళల్లో చూస్తున్నవాటి వల్ల ఆ ప్రశ్నను ఇంకోలా అడగాలనిపిస్తోంది. మందు ఇచ్చినవాళ్ళు, ఇచ్చిన తర్వాత ఎక్కడ ఉంటారు?

మాది చిలమకూరు. కడప జిల్లా యర్రగుంట్ల మండలం. జబ్బు చేస్తే మావాళ్ళు ప్రొద్దుటూరు బస్సెక్కుతారు, లేదంటే జమ్మలమడుగో పులివెందులో పోతారు. నేల కింద నాపరాయి, సున్నపురాయి. నేల మీద సిమెంటు దుమ్ము. విపత్తు అనే మాట మా ఊళ్ళో నేనెవరి నోటా వినలేదు. కరువు అంటారు, దుమ్ము అంటారు, అప్పు అంటారు. మాకు దగ్గర్లోనే గండికోట జలాశయంలో నీళ్ళు నింపడం కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి కదలాల్సి వచ్చినప్పుడు దానినీ ఎవరూ విపత్తు అనలేదు, ముంపు అన్నారు. విపత్తు అని పేరు రావాలంటే అది ఒక్క పూటలో జరగాలి, టీవీలో కనిపించాలి, ఎవరో ఒకరు సాయం పట్టుకుని బయల్దేరాలి. నెమ్మదిగా జరిగేవాటికి సాయం రాదు. ఒక్కసారిగా జరిగినవాటికి వచ్చే సాయం అంతే త్వరగా వెళ్ళిపోతుంది.

2021 నవంబరు 19న తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అంతకుముందే ఎగువన పింఛా ప్రాజెక్టు తెగింది. అప్పటికి కడప జిల్లాలోనే ఉన్న రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్ళ మీద ఆ నీళ్ళు పడ్డాయి. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. గొడ్లు పోయాయి, ఇళ్ళు పోయాయి, పంట భూములు ఇసుక మేటలయ్యాయి. ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని తర్వాతి నెలలో కేంద్ర మంత్రి రాజ్యసభలోనే చెప్పారు.

నవంబరు 19 తెలుగువాళ్ళకు ఇంతకుముందే ఒక చావుల తేదీ. 1977లో అదే రోజున దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. అప్పటి సాయం అంటే మన మనసులో మెదిలేది బియ్యం, బట్టలు, శవాలను తీసిన చేతులు, తర్వాత కట్టిన ఇళ్ళు. బతికి మిగిలినవాళ్ళ మనసు ఏమైందన్న ప్రశ్నకు ఆనాటి సహాయ కార్యక్రమాల్లో పెద్దగా చోటు దొరకలేదు. 2004 సునామీ తర్వాత పరిస్థితి మారింది. మానసిక ఆరోగ్యం కూడా సహాయంలో భాగమని ఒప్పుకున్నారు. 2007లో అంతర్జాతీయ సంస్థలన్నీ కలిసి దాని మీద మార్గదర్శకాలు తెచ్చాయి. ఇది మంచి మార్పు. ఏడుపును లెక్కలోకి తీసుకోని సాయం కన్నా తీసుకున్న సాయం మేలు. కానీ లెక్కలోకి తీసుకోవడమంటే ఏమిటన్న దగ్గర మాత్రం ఒక పొరపాటు దారి తెరుచుకుంది. బియ్యం మూట పక్కన మాత్రల కవరు వచ్చి చేరింది.

మా చిన్నమ్మను చెయ్యేటి పక్క ఊరికే ఇచ్చారు. నీళ్ళొచ్చిన రోజు ఆమె ఇల్లు పోయింది, రెండు బర్రెలు పోయాయి, పక్కింటామె పోయింది. కొన్ని రోజులకు ఎవరో వచ్చి వైద్య శిబిరం పెట్టారు. జ్వరానికి, విరేచనాలకు, చర్మం మీది కురుపులకు మందులిచ్చారు. ఆమెకు వాటితో పాటు ఇంకో రెండు రకాల మాత్రలు పదిహేను రోజులకిచ్చారు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. షీట్లను కత్తెరతో ముక్కలు చేసి పంచడం వల్ల మందు పేరు ఒక ముక్క మీద సగం, ఇంకో ముక్క మీద సగం పడింది. చీటీ లేదు. శిబిరం మళ్ళీ రాలేదు. ఖాళీ ముక్కలు చూపించి మా బాబాయి ఒక మందుల షాపులో అవే కొని తెచ్చి రెండు నెలలు వాడించాడు. సంక్రాంతి తర్వాత ఆమె చిలమకూరుకు వచ్చేసింది. మాత్రలు అయిపోయాయి. ఇక్కడి షాపులో చీటీ లేకుండా ఇవ్వమన్నారు. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

మూడో రోజు నుంచి తల తిరుగుడు, వాంతి వచ్చినట్టుండటం, తల పక్కకు తిప్పితే కరెంటు కొట్టినట్టనిపించడం, గుండె దడ, రాత్రంతా కన్ను మూతపడకపోవడం. నీళ్ళ భయం మళ్ళీ వచ్చిందన్నారు ఇంట్లోవాళ్ళు. గాలి సోకిందన్నారు ఇంకొకరు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి, నిద్ర పడితే అన్నీ సర్దుకుంటాయని ఒక చిన్న తెల్ల మాత్ర అలవాటు చేశాడు. ఎనిమిది నెలల తర్వాత నేను సెలవులకు వెళ్ళేసరికి ఆ మాత్ర లేకపోతే ఆమె చేతులు వణుకుతున్నాయి. సైకియాట్రిస్టుగా పనిచేస్తున్న నా స్నేహితురాలికి ఫోన్‌లో అంతా చెప్పాను. మొదట ఇచ్చినవాటిలో ఒకటి డిప్రెషన్ మందు అయి ఉంటుందని, దాన్ని కొన్ని వారాలకు పైగా వాడి ఒక్కసారిగా ఆపితే ఇలాంటి లక్షణాలే వస్తాయని, అందుకే మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలని చెప్పింది. తెల్ల మాత్ర అల్‌ప్రజోలామ్. అది డిప్రెషన్ మందు కూడా కాదు. కంగారును గంటలోపే అణిచి నిద్ర పట్టించే రకం, రోజూ వాడితే కొద్ది వారాల్లోనే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. అందుకే 2014 నుంచి ఆ రకం మందులను హెచ్-1 షెడ్యూలు కింద ఉంచారు. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు షాపులో ప్రత్యేకంగా రిజిస్టరులో రాయాలి. ఆ ఎనిమిది నెలల్లో మా చిన్నమ్మ పేరు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు.

ఇంతవరకు చెప్పింది నిర్లక్ష్యం కథ. నిర్లక్ష్యం తప్పని చెప్పడానికి వ్యాసం అక్కర్లేదు. నన్ను ఆలోచనలో పడేసింది ఆమె ఒక రాత్రి అన్న మాట. "నిద్ర పట్టకపోయేది జబ్బని ఎవురు చెప్పినారు పాపా? నేను కాపలా ఉండా. ఆ పొద్దు అందురూ నిద్దర్లో ఉన్నెప్పుడే గదా నీళ్ళొచ్చినాయి." శిబిరంలో ఏమడిగారంటే, "నిద్ర పడ్తాందా అని అడిగినారు. లేదు సార్ అన్నా. మాత్రలిచ్చినారు. యాల పట్టలేదని అడిగింటే చెప్పేదాన్నే" అంది.

ఆమె మేలుకుని ఉండటానికి ఆమె దగ్గర ఒక కారణం ఉంది. ఆ కారణం తర్కానికి నిలుస్తుంది కూడా. గేటు పనిచేయని సంగతి ఆమెకెవరూ ముందు చెప్పలేదు. కట్ట తెగుతుందని ఆమెను లేపాల్సినవాళ్ళు సమయానికి లేపలేదు. ఇక తన కాపలా తనే కాసుకోవాలని ఆమె శరీరం నిర్ణయించుకుంది. అలాగని నిద్రలేమిని గొప్ప చేసి చెప్పలేను. ఆమె బరువు తగ్గింది, పొయ్యి దగ్గర తూలి పడింది. ఆమెకు నిద్ర కావాలి. కానీ ఆ కాపలాను ఇంకెవరైనా తీసుకోకుండా ఆమెను నిద్రపుచ్చడం న్యాయమేనా? ఎత్తు మీద ఇల్లు, నమ్మదగిన హెచ్చరిక, కొన్ని రాత్రులు పక్కన పడుకునే మనిషి - ఇవి కూడా నిద్ర మందులే. వీటికి బదులుగా మాత్ర ఇచ్చినప్పుడు, మాత్ర చేసిన పని ఆమె దగ్గరి నుంచి కారణాన్ని లాక్కోవడం.

ఇది సాహిత్యం చదువుకున్నదాని భావుకత అనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు, భయంకర సంఘటన జరిగిన మొదటి నెలలో పెద్దవాళ్ళకు కనిపించే భయం, నిద్రలేమి, ఉలికిపాటు లాంటి లక్షణాలకు డిప్రెషన్ మందులు గానీ, అల్‌ప్రజోలామ్ జాతి మందులు గానీ ఇవ్వవద్దని స్పష్టంగా చెబుతున్నాయి. ఎవరో పోయిన దుఃఖంలో ఉన్నవాళ్ళకు, వేరే మానసిక వ్యాధి లేనప్పుడు, ఆ రెండో రకం ఇవ్వవద్దని కూడా చెబుతున్నాయి. కారణం సులభం. ఆ మొదటి వారాల్లో చాలామందికి అలాగే ఉంటుంది, తలదాచుకునే చోటు, తిండి, మనవాళ్ళు దొరికితే చాలామంది మందు లేకుండానే తేరుకుంటారు. అంటే మా చిన్నమ్మ చెప్పిన కాపలా కథకూ నిపుణులు రాసుకున్న నియమానికీ వైరం లేదు.

మరి నియమం ఉండగా మాత్ర ఎందుకొస్తుంది? మాత్ర చేతిలో పెట్టడం వల్ల ఏదో చేశామన్న తృప్తి ఇచ్చినవాళ్ళకు మిగులుతుంది. ఎన్ని పంచామో లెక్క రాసుకోవచ్చు. విన్న మాటలకు లెక్క రాయలేం. అంతకన్నా లోతైన కారణం ఒకటుంది. కట్ట తెగడానికి ఒక చిరునామా ఉంది. గేటు, దాని మరమ్మతు, దానికి బాధ్యత పడాల్సిన ఆఫీసు. మాత్ర ఆ చిరునామాను మార్చేసి బాధ మూలాన్ని ఆమె తలకాయలో పెడుతుంది. "మెదడులో ఒక రసాయనం తగ్గింది, అందుకే ఇలా" అని మన ఊళ్ళల్లో కూడా డాక్టర్లు చెప్పే మాట వినే ఉంటారు. సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కు కారణమని నిలకడగా చూపే ఆధారాలు లేవని 2022లో ఆ పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించినవాళ్ళు తేల్చారు. మందులు పనిచేయవని దీనికి అర్థం కాదు. 522 ప్రయోగాల ఫలితాలను కలిపి 2018లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద పరిశీలన, 21 రకాల డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగ్గానే పనిచేశాయని, మొత్తం మీద ఆ మేలు ఒక మోస్తరుగా ఉందని చెప్పింది. మందు పనిచేయడం వేరు, బాధకు కారణం మందు పనిచేసే చోటే ఉందనుకోవడం వేరు. తలనొప్పి మాత్రతో తగ్గింది కాబట్టి తలనొప్పికి కారణం మాత్ర లేకపోవడమే అనం కదా.

మన భాషలో బాధకున్న మాటలను చూడండి. బెంగ ఊరికే ఉండదు. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. దిగులు దేని గురించో ఉంటుంది. మా వైపు మనేద అంటారు, "కొడుకు మనేద పెట్టుకుంది" అంటారు. ఈ మాటలన్నిటికీ ఒక దిక్కు ఉంది. ఎవరి మీద, దేని గురించి అని అడగకుండా వీటితో సంభాషణ ముందుకు సాగదు. డిప్రెషన్ అన్న మాటకు ఆ దిక్కు అక్కర్లేదు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం డి.ఎస్.ఎం. 1994 కూర్పులో, దగ్గరివాళ్ళు పోయిన మొదటి రెండు నెలల దుఃఖాన్ని సాధారణంగా డిప్రెషన్ కింద లెక్కవేయవద్దన్న మినహాయింపు ఉండేది. 2013 కూర్పులో దాన్ని తీసేశారు. నిజంగా జబ్బుపడిన దుఃఖితులకు వైద్యం అందకుండా పోకూడదని వాళ్ళ వాదన. ఆ వాదనలో నిజముంది. కానీ "దేని గురించి" అని అడగాల్సిన అవసరం దానితో మరికాస్త తగ్గిపోయింది.

ఇక్కడే ఆగిపోతే నా వాదన సుఖంగా ఉండేది. నా చిన్ననాటి స్నేహితురాలు దాన్ని అలా ఉండనివ్వలేదు. తను ప్రొద్దుటూరులో బడి టీచరు. రెండో కాన్పు తర్వాత ఆమెకు లోకమంతా బూడిదరంగు అయిపోయింది. భర్త మంచివాడే, బిడ్డ ఆరోగ్యంగానే ఉంది, అప్పులు లేవు. "దేని గురించి బాధ అని అందరూ అడుగుతారే, దేని గురించీ కాదు, అదే నా బాధ" అనేది. బెంగ, దిగులు, మనేద - ఈ మాటలేవీ తనకు సరిపోలేదు. డిప్రెషన్ అన్న పరాయి మాట వినగానే, ఇది నా గుణం కాదు, నా మీదికొచ్చిన ఒక స్థితి అని మొదటిసారి ఊపిరి పీల్చుకున్నానంది. మందు వాడింది. డాక్టరు ఆమెకు నాలుగు సంగతులు చెప్పారు. రెండు మూడు వారాల దాకా తేడా తెలియదు, ఓపిక పట్టాలి. మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు. చావాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యండి. ఎప్పుడు మానాలో ఇద్దరం కలిసి చూద్దాం. అత్తగారు "పిచ్చి మాత్రలు" అని గోల చేసినా వాడింది. పదకొండు నెలలకు మెల్లగా తగ్గించి మానేసింది. ఆ మందు లేకపోతే నేను లేనని తను ఇప్పటికీ అంటుంది. తన మాటను సిద్ధాంతం కోసం కొట్టిపారేసే హక్కు నాకు లేదు.

మన విమర్శ ఎవరి చేతుల్లో పడుతుందో కూడా చూసుకోవాలి. దుఃఖం జబ్బు కాదని మనమంటే, కోడలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి ఇష్టంలేని అత్తింటివాళ్ళు అదే మాట అంటారు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో చెప్పిన దాని ప్రకారం తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందడంలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2021లో ఈ దేశంలో 23,178 మంది గృహిణులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒకవైపు అవసరమైనవాళ్ళకు అందని మందు, ఇంకోవైపు అవసరం అడగకుండానే చేతిలో పడే మందు. ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే వీధిలో జరుగుతున్నాయి. నా స్నేహితురాలికీ మా చిన్నమ్మకూ మధ్య తేడా మందులో ఉందని నేననుకోవడంలేదు. ఇద్దరికీ ఇచ్చింది ఒకే జాతి మందు కావచ్చు. ఒకరికి మందుతో పాటు ఒక మనిషి దొరికింది. రెండోవారికి మందు మాత్రమే దొరికింది.

మా ఊరి చుట్టుపక్కల ఆడవాళ్ళలో నాకు ఎక్కువగా వినిపించేది మూడో కథ. ఒళ్ళునొప్పులు, నీరసం, కడుపులో మంట అని ఆస్పత్రికి పోతారు. వచ్చేటప్పుడు కవరులో "బలానికి" అని ఒక మాత్ర ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడతారు. అది బలానికి కాదని, మనసుకు సంబంధించినదని చాలామందికి తెలియదు. డాక్టర్లను అడిగితే వాళ్ళ సమాధానం ఉంది. "మనసు మందు అని చెబితే వాడరు, ఇంట్లో పిచ్చిదని ముద్ర వేస్తారు. ఒక్క పూట ఓపీలో అంతమందిని చూస్తూ ఎవరికని విడమరిచి చెప్పేది? చెప్పకపోయినా నిద్రపోయి నాలుగు ముద్దలు తింటోంది కదా." ఇది దుర్మార్గుల మాట కాదు. అలసిపోయిన దయగలవాళ్ళ మాట. అందుకే దీనికి జవాబు చెప్పడం కష్టం, చెప్పడం అవసరం కూడా.

ఆడవాళ్ళ మేలు కోరి ఆడవాళ్ళకు చెప్పకపోవడం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రయోగదశలో ఉందన్న సంగతి సరిగా చెప్పకుండానే ఆడవాళ్ళకు ఇవ్వబోతే, స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి ప్రశ్నించారు. సంగతి తెలిశాక వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. మరుసటి సంవత్సరం ఆ సంఘంతో పాటు ఢిల్లీలోని సహేలి వంటి సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఆనాటి వాదన నుంచి నాకు అర్థమైంది ఇది: ఆ మందు మంచిదా చెడ్డదా అన్న చర్చ తేలకముందే, చెప్పకుండా ఇవ్వడం తప్పని తేల్చవచ్చు. ఇవాళ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి ఉన్నవాళ్ళకు తమ స్థితి ఏమిటో, ఇవ్వబోయే చికిత్స ఏమిటో, దాని దుష్ఫలితాలేమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కునిచ్చింది. కానీ "బలానికి" అని మాత్ర తెచ్చుకున్న మనిషి ఆ హక్కును ఎలా అడుగుతుంది? తను ఆ హక్కు వర్తించే స్థితిలో ఉన్నట్టే ఆమెకు తెలియదు. పేరు తెలియని మందును కొనసాగించమనీ అడగలేం, మాన్పించమనీ అడగలేం. ముద్ర పడకుండా కాపాడతామని దాచిపెట్టడం వల్ల ముద్ర అలాగే ఉండిపోతుంది, ఆమె చేతిలోని నిర్ణయం మాత్రం పోతుంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్న మాట ఇది. సాయంలో రెండు రకాలున్నాయి. బియ్యం, దుప్పటి, మంచినీళ్ళు ఇవ్వడం దానం. దానం ఇచ్చిన క్షణంలో పూర్తవుతుంది. ఇచ్చినవాళ్ళు వెళ్ళిపోయినా దుప్పటి వెచ్చగానే ఉంటుంది. మనసు మందు ఇవ్వడం దానం కాదు, మాట ఇవ్వడం. అది ఇచ్చిన క్షణంలో మొదలవుతుంది. మళ్ళీ రా, ఎలా ఉందో చూస్తాను, సరిపోకపోతే మారుస్తాను, అవసరం తీరాక మాన్పిస్తాను అన్న మాటలన్నీ ఆ మాత్రలో ఇమిడి ఉన్నాయి. పదిహేను రోజుల్లో గుడారం ఎత్తేసేవాళ్ళకు ఆ మాట ఇచ్చే స్తోమతు లేదు. నిలబెట్టుకోలేని మాటను మాత్ర రూపంలో ఇస్తే, మందు ఎంత మంచిదైనా, ఇచ్చినవాళ్ళ మనసు ఎంత మంచిదైనా, అది మాట తప్పడమే. ఓపీలో రెండు నిమిషాల్లో చీటీ రాసి మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పని డాక్టరుకూ ఇదే వర్తిస్తుంది. విపత్తు శిబిరానికీ మామూలు రోజు ఆస్పత్రికీ ఈ విషయంలో తేడా గుడారం ఒక్కటే.

దీనర్థం శిబిరాల్లో మనసు మందులే ఉండకూడదని కాదు. ఉండితీరాల్సిన సందర్భం ఒకటుంది, దాన్నే ఎక్కువగా మరిచిపోతారు. వరదకు ముందు నుంచే మూర్ఛకో, స్కిజోఫ్రీనియాకో, తీవ్రమైన డిప్రెషన్‌కో మందు వాడుతున్న మనిషి మాత్రలు నీళ్ళల్లో కొట్టుకుపోతాయి. ఆమెకు ఆ రోజు మందు అందకపోవడం ప్రమాదం. కొత్తగా వందమందికి మాత్ర మొదలుపెట్టడం కన్నా ఆ ఒక్క మనిషిని వెతికి పట్టుకోవడం ముఖ్యం. ఆమె ఎక్కడుందో శిబిరం డాక్టరుకు తెలియదు. ఆ ఊరి ఆశా వర్కరుకు తెలుస్తుంది.

మాటను ఎవరు నిలబెడతారన్న ప్రశ్న మళ్ళీ ఆడవాళ్ళ దగ్గరికే వస్తుంది. ఏ ఇంట్లో ఎవరు నిద్రపోవడంలేదో, ఎవరు అన్నం మానేశారో, ఎవరి ఒంటిమీద దెబ్బలున్నాయో ఆశాలకు, ఏ.ఎన్.ఎం.లకు తెలుసు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 1980లలో మన పొరుగున బళ్ళారి జిల్లాలో మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారానే మానసిక వైద్యం నడిపి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్ళారి అనుభవమే నమూనా. గోవాలో ఆరోగ్య రంగంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా పెడితే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులు మెరుగ్గా కోలుకున్నారని 2010లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వినడం నేర్పగలిగిన పని అని దీనివల్ల తెలుస్తోంది. కానీ ఆ పనిని ఇంకో బరువుగా ఆశాల నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడానికి నేను ఒప్పుకోను. 2019లో మన రాష్ట్రంలో వాళ్ళ గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలు చేశారు. దాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అనడంలోనే వాళ్ళను ఉద్యోగులుగా చూడని చూపుంది. ఇంకొకరి దుఃఖాన్ని రోజూ వినేవాళ్ళ దుఃఖం ఎవరు వింటారు? సంరక్షణ ఆడవాళ్ళకు సహజంగా వస్తుందని చెప్పి చవగ్గా చేయించుకోవడం మాట నిలబెట్టుకోవడం అవదు.

అడగాల్సినవి మరీ పెద్దవి కావు. మాత్ర ఇస్తే దాని పేరు, అది దేనికో, ఎన్నాళ్ళో, మానాలంటే ఎవరిని కలవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి. మళ్ళీ రావలసిన తేదీ వేయాలి. చదువు రానివాళ్ళకు చదివి చెప్పాలి. తేదీ వేయలేని శిబిరం కొత్తగా మొదలుపెట్టకూడదు, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి పేరుతో సహా అప్పగించి వెళ్ళాలి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు ఇలాంటి చోట నిజంగా పనికొస్తుంది, ఆడవాళ్ళ చేతిలో తమదంటూ ఒక ఫోన్, పక్కన ఎవరూ లేని పది నిమిషాలు ఉంటే. అన్నిటికన్నా ముందు, నిద్ర పడుతోందా అన్న ప్రశ్న తర్వాత ఇంకొక ప్రశ్న ఉండాలి. ఎందుకు పట్టడంలేదు?

మా చిన్నమ్మ తెల్ల మాత్ర మానడానికి ఐదు నెలలు పట్టింది. నా సైకియాట్రిస్టు స్నేహితురాలు వారం వారం ఫోన్‌లో మాట్లాడుతూ సగం, పావు చేసి తగ్గించింది. ఆమె నిద్ర ఇప్పటికీ పలచనే. వాన కురిసిన రాత్రి లేచి కూర్చుంటుంది. దానికి మందు అక్కర్లేదని తనే తేల్చుకుంది, ఆ తీర్పు ఆమెది.

కథలు చదివి వాటి గురించి రాసే మనలాంటివాళ్ళకు ఒక అలవాటుంది. కథ ముగిసిన చోట ఆగం. ఆ తర్వాత ఆమె ఏమైందని అడుగుతాం. ఆ పాత్ర గడప దాటాక ఎక్కడికి పోయింది, ఏం తిన్నది, ఎవరి దగ్గర తలదాచుకుంది అని తరగతుల్లో గంటలు గంటలు వాదించుకుంటాం. ఈ ప్రశ్నను తరగతి బయటికి తెచ్చి మందుచీటీని కూడా అడగడం మనం చేయగలిగిన పని. దానికి వైద్యం చదివి ఉండక్కర్లేదు.